గుడ్డికొంగ కాళ్లు

పోయిన ఏడు, పోలిని స్వర్గానికి పంపే రోజు తెల్లవారుజామున అరటిదొప్పలో దీపాలు పెట్టుకుని రేవుకి వెళ్లాను. మంచు దట్టంగా పట్టి ఉంది, కాలువ అవతలి గట్టు కనపడడం లేదు. నేను వదిలిన దొప్ప నాలుగు బారలు పోయి తూటికాడ గుబురుకి తగులుకుని ఆగింది. నీళ్లు చిమ్మి కదిలిద్దామని ఇంకో మెట్టు దిగి వంగేసరికి, ఆ గుబురు పక్కనే గుడ్డికొంగ. చెయ్యి చాస్తే అందేలా ఉంది. మెడ భుజాల్లోకి దించుకుని, ముక్కు నీళ్లకేసి పెట్టి, బురదలో బురదలా నిలబడి ఉంది. దీపం వెలుగు కంట్లో పడి ఆ కన్ను పసుప్పచ్చగా మెరిసింది. అది కదల్లేదు, నేనూ కదల్లేదు. ఎంతసేపో చెప్పలేను. వెనక మెట్ల మీద ఎవరో దగ్గారు, లేచిపోయింది. లేవడంతోనే అంతసేపూ మట్టిరంగు చారలతో ఉన్న పిట్ట తెల్లటి తెలుపైపోయింది. రెక్కలు విప్పితే అంతా తెలుపే. ఆ తెలుపు మంచులో కలిసిపోయింది. ఇంటికొచ్చి ఈ సంగతంతా మా మనవరాలికి చెప్పాను. పిల్ల నోరు తెరుచుకుని విని, "అమ్మమ్మా, మరి కాళ్లు ఏం రంగు?" అని అడిగింది. నల్లగా ఉంటాయేమోనమ్మా అన్నాను. ఆ 'ఉంటాయేమో' అన్న మాట నోట్లోంచి వచ్చాక నాకే ఎలాగో అయిపోయింది.

ఆ రోజంతా ఏ పని చేస్తున్నా అదే మాట. ఈ కూచిపూడిలోనే పుట్టాను, ఇక్కడే ఉన్నాను. కాలువ గట్టున, ఊడ్పుల వేళ మడుల్లో, చెరువులో తామరాకుల మధ్య ఈ పిట్టను చూడని రోజు లేదు. యాభై ఏళ్ల పైన చూసిన పిట్ట కాళ్ల రంగు చెప్పలేకపోయానంటే ఇన్నేళ్లూ నేను చూసింది ఏమిటి? దాని పేరునా? మనిషి మీదికొచ్చేదాకా కదలదు కాబట్టి, కళ్లు కనపడవేమో అనుకుని మనవాళ్లు దానికి గుడ్డికొంగ అని పేరు పెట్టినట్టున్నారు. ఆ పేరు మనసులో అనుకోగానే నా కళ్లు పని మానేస్తున్నాయా? మర్నాడు పెరటి గోడ మీద వాలిన కాకిని నిలబడి చూశాను. మెడచుట్టూ బూడిదరంగు. ఒళ్లంతా నల్లగా ఉండేది బొంతకాకి, మన వాకిట్లో మెతుకుల కోసం వచ్చే కాకి కాదు. కాకి నలుపు అని ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటాను! మా నాన్న పోయినప్పుడు ఇదే గోడ మీద పిండం పెట్టి, కాకి ముట్టేదాకా రెప్ప వేయకుండా ఎదురుచూశాం. అంతసేపు చూసినా ఆ మెడ రంగు నాకు తెలియలేదు. ఆ రోజు నాకు కాకిలో మా నాన్న కనపడుతున్నాడు, మెడ ఎలా కనపడుతుంది?

అలా మొదలైంది ఈ బొమ్మల పుస్తకం. రూళ్లు లేని నోటుపుస్తకం ఒకటి, పెన్సిళ్లు రెండు కొన్నాను. విజయవాడలో మా అమ్మాయికి తెలిసిన బొమ్మల మేష్టారొకాయన ఫోనులో రెండే మాటలు చెప్పారు. రబ్బరు ఇంట్లో పెట్టి వెళ్లండి. కాగితం కంటే పిట్టను ఎక్కువసేపు చూడండి. తేలిగ్గానే వినపడిన ఈ రెండు మాటలకీ నా చెయ్యి నెలరోజులు ఒప్పుకోలేదు. దానికి కారణం నాకు ముగ్గులు రావడమే అని తర్వాత తెలిసింది. ఏడేళ్లప్పటి నుంచి పిండి పట్టిన చెయ్యి ఇది. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ తిప్పి, ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికి గీతను తెచ్చి కలపడం దానికి అలవాటు. గీత కలవకపోతే మా అమ్మ తుడిచి మళ్లీ వేయించేది. ఇప్పుడు కొంగ వీపు గీద్దామని కూర్చుంటే, కన్ను ఇంకా వీపు సగంలో ఉండగానే చెయ్యి తోక దాటి పొట్ట కిందుగా వచ్చి ముక్కు దగ్గర గీతను కలిపేస్తోంది. నిండుగా, ముచ్చటగా, సంక్రాంతి వాకిట్లో వేసే హంసలా ఉంది. ఎదురుగా ఉన్న పిట్ట మాత్రం అలా లేదు. దాని వీపు గీత ఎక్కడా కలవదు, జమ్ములోకి పోయి అక్కడే పోతుంది. ఎక్కడ పిట్ట అయిపోయి ఎక్కడ గడ్డి మొదలైందో నాకు తెలియడం లేదు. తెలియనిచోట గీత ఆపెయ్యాలి. ఆ ఆపడం నేర్చుకోవడానికి నాకు పదహారు పేజీలు పట్టింది.

మా ఊళ్లో పిట్టల్ని చెయ్యి ముందే నేర్చుకుంటుంది. మా అమ్మాయి ఉద్యోగం విజయవాడలో, పిల్ల మాత్రం నాట్యం కోసం మా దగ్గర ఉంటోంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని హస్తాలు వల్లిస్తుంది. అభినయ దర్పణంలో ఒంటిచేతి హస్తాలు 28. వాటిలో పిట్టలు ఎన్నో చూడండి: మయూరం, శుకతుండం, హంసాస్యం, హంసపక్షం, తామ్రచూడం. రెండు చేతులూ కలిపితే గరుడం, భేరుండం. ఉంగరపు వేలి కొసను బొటనవేలికి ఆనిస్తే నెమలి. చూపుడువేలిని కొక్కెంలా వంచితే కోడిపుంజు. ఇన్నేళ్లుగా వింటున్నా వినియోగాల మీద ఎప్పుడూ మనసు పెట్టలేదు, ఈ పుస్తకం పట్టుకున్నాక పెట్టాను. శుకతుండం అంటే చిలకముక్కు. దాన్ని పట్టేది చిలకను చూపడానికేమో అనుకుంటాం. బాణం వేయడానికి, ఈటె పట్టడానికి పడతారు దాన్ని. మయూర హస్తం నెమలికి ఎంతో, లతకూ అంతే, నుదుట తిలకం దిద్దడానికీ అంతే. అంటే ఎప్పుడో ఎవరో చిలకముక్కు వంపు చూసి, అందులో వింటినారి లాగిన వేళ్ల బిగువును పట్టుకున్నారన్నమాట. పిట్ట ఎగిరిపోయింది, వంపు మిగిలింది. ఆ వంపు ఈ వీధిలో ఒక చేతి నుంచి ఇంకో చేతికి దిగి మా పిల్ల వేళ్లదాకా వచ్చింది. మరి మా పిల్ల చిలకముక్కును ఎప్పుడైనా దగ్గర్నుంచి చూసిందా? చూడకపోతే ఏం పోయింది? ఈ రెండో ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

నెమలిని కాళ్లతో గీసే సంప్రదాయం కూడా మా కూచిపూడి నాట్యానిదే. మయూర కౌత్వంలో నేల మీద పొడి పరిచి, పైన గుడ్డ కప్పి, తాళానికి అడుగులు వేస్తూ పాదాలతో నెమలిని దిద్దుతారు. సింహనందినిలో అయితే సింహాన్ని. అది సింహనందన తాళం, ఒక ఆవర్తానికి 128 అక్షరాలు. మరుగున పడుతున్న ఈ చిత్రనాట్యాన్ని సి.ఆర్. ఆచార్యులు గారు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. చిన్నప్పుడు ఒకసారి చూశాను. నర్తకి కిందికి చూడదు. మొహాన నవ్వు, చేతుల్లో అభినయం, కింద మడమలు, మునివేళ్లు తమ పని తాము చేసుకుపోతుంటాయి. ఆఖర్న గుడ్డ ఎత్తారు. పింఛం విప్పిన నెమలి! జనమంతా హా అన్నారు. అప్పుడు నాకు అది మాయ. ఇప్పుడు ఆలోచిస్తే వెయ్యిసార్లు అవే అడుగులు పడితే పాదానికి నెమలి కంఠస్థం అవుతుంది. పద్యంలాగే. కానీ రేవు దగ్గర నా కొంగ ఏ తాళానికీ నిలబడదు. నిన్నటి కొంగను కంఠస్థం చేసుకుని ఈరోజు వెళితే అది ఇంకో పక్కకు తిరిగి ఉంటుంది. కంఠస్థంలో ఉన్నదాన్ని పక్కన పెట్టి చూడాలి. అది ఈ వయసులో, ఈ ఊళ్లో, ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను.

మొక్కలు కదలవు కదా అని మార్గశిరంలో వాటి మీదికి మళ్లాను. మా పెరటి దడి పొడుగునా ఉత్తరేణి. వినాయక చవితి 21 పత్రాల్లో అపామార్గం అంటే ఇదే. ఏటా పూజలో ఆ పేర్లన్నీ వరసగా చదువుతాం. చేతిలో ఉన్నది బజారులో కొన్న పత్రి కట్ట, పేరు అపామార్గమైనా అర్కమైనా అందిన ఆకు వేస్తాం. నేనూ అలాగే వేశాను ఇన్నేళ్లు. ఉత్తరేణి గురించి నాకు తెలిసిందల్లా చీర కుచ్చెళ్లకు అంటుకుంటుంది అనే. ఒక మధ్యాహ్నం పీట వేసుకుని దాని ముందు కూర్చున్నాను. ఆకులు ఎదురెదురుగా, జంటలు జంటలుగా ఉన్నాయి. ఒక జంట తూర్పు పడమరలుగా ఉంటే దాని పై జంట ఉత్తర దక్షిణాలుగా ఉంది. కొసన పొడుగాటి కంకి. దాన్ని ఊరికే ముళ్ల పుల్లలా గీసి ఊరుకునేదాన్నే. మేష్టారి మాట గుర్తొచ్చి ఇంకాసేపు చూశాను. కంకి చివర మొగ్గలు ఆకాశంలోకి చూస్తున్నాయి. కొంచెం కిందికొస్తే విచ్చిన పూలు, ఒక్కోటి గసగసాలకి కాస్త పెద్దవి, లేత ఆకుపచ్చవి, అడ్డంగా పక్కకు చూస్తున్నాయి. ఇంకా కిందికొస్తే పువ్వు కాయగా మారినచోట, తల నేలకు వంచి కాడకు అతుక్కుపోయాయి. పైన పుట్టుక, నడుమ యవ్వనం, కింద తల వంచిన ముసలితనం, అన్నీ జానెడు కంకి మీదే. తల వంచిన కాయల మొనలే నా కుచ్చెళ్లను పట్టుకునేవి. వాటికి ఎక్కడికైనా పోయి మొలవాలని ఉంది, నేను వాటి బండిని. నలభై ఏళ్లు విసుక్కుంటూ దులుపుకున్న ముళ్లు అవి. బొమ్మ పెద్ద బాగా రాలేదు గాని, ఆ మధ్యాహ్నం నాకు ఎవరో చెప్పిన విషయం కాదు అది, నా అంతట నాకు తెలిసింది.

మన గడ్డ మీద మొక్కల్ని ఇలా చూసి గీసినవాళ్లు లేకపోలేదు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరు ఇక్కడి చిత్రకారులను పెట్టుకుని వందల మొక్కలకు బొమ్మలు గీయించాడు. వాటిలో 300 బొమ్మలు కోరమండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మన మోదుగ అందులో ఉంది. పువ్వును పువ్వుగా గీసి ఊరుకోరు. దాన్ని విడదీసి కేసరాలు వేరుగా, కాయ వేరుగా, గింజ వేరుగా కింద వరసగా గీస్తారు. రాక్స్‌బర్గ్ మొక్కలకు తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నాడు. విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ పాముల పుస్తకం 1796లో వచ్చింది. మనవాళ్లు చెప్పిన 'బంగారు పాము' అన్న పేరు అందులోకెక్కి, అక్కడి నుంచి శాస్త్రంలోకి పోయి బంగారస్ అయి కూర్చుంది. పాముకి మన మాట మిగిలింది. బొమ్మలు గీసిన చేతులకు మాత్రం పేరు మిగల్లేదు. రాక్స్‌బర్గ్ పుస్తకంలో ఆ చిత్రకారుల పేర్లు లేవు. వాళ్లు అంతకుముందు ఏం గీసేవాళ్లో? ఏ లతలు, ఏ హంసలు వాళ్ల చేతికి కంఠస్థమై ఉన్నాయో? దొర ఎదురుగా మోదుగ కొమ్మ పెట్టి ఉన్నది ఉన్నట్టు గీయమంటే, మొదటి రోజు వాళ్ల గీత కూడా నా గీతలాగే తొందరపడి కలిసిపోయిందా? దొర పనిచేసే ఈస్టిండియా కంపెనీకి కావలసింది రంగులకూ మందులకూ పనికొచ్చే మొక్కలు. ఆ చిత్రకారుడికి కావలసింది ఆ రోజు కూలి కావచ్చు. అయినా మోదుగ రేకు వంపు దగ్గర అతని కుంచె ఒక్క క్షణం ఆగి ఉంటుంది. ఆగకుండా ఆ వంపు రాదు, ఇప్పుడు నాకా సంగతి తెలుసు. అందుకే నా పుస్తకంలో ప్రతి పేజీ అడుగున తిథి, చోటు, నా పేరు రాస్తున్నాను. అదేం గొప్ప కోసం కాదు. ఎవరు చూశారో ఉండాలి అనిపించింది, అంతే.

పుష్యం వచ్చేసరికి కోతలై చేలల్లో మినుము లేచింది. పురుగును తినే పిట్టలు వాలడానికని రైతులు చేలో పంగల కర్రలు పాతుతారు. వాటి మీద ఏట్రింత. నాకు బొమ్మలు నేర్పిన గురువు ఎవరంటే ముందు ఆ పిట్ట పేరే చెబుతాను. నల్లటి పిట్ట, చీలిన తోక. కర్ర మీంచి ఎగిరి గాల్లో పురుగును పట్టి మళ్లీ అదే కర్రకొస్తుంది, చాలాసార్లు అటే తిరిగి కూర్చుంటుంది. ఎగిరిపోయిందే అని బొమ్మను వదిలేయకుండా పక్కన ఇంకోటి మొదలుపెట్టాలి. అది మళ్లీ పాత భంగిమలోకి రాగానే పాత బొమ్మకు పోవాలి. ఒక పేజీలో అయిదారు సగం పిట్టలు. ఏ ఒక్కటీ పూర్తి కాదు, అన్నీ కలిస్తే ఏట్రింత అవుతుంది. గట్టు మీద తాళ్లకు వానాకాలపు గిజిగాడి గూళ్లు ఇంకా వేలాడుతున్నాయి. జాషువా గారు గిజిగాడి మీద రాసిన పద్యాలు బళ్లో చదువుకున్నాం. అప్పుడు పద్యమే కనపడింది. ఇప్పుడు ఆ గూటి దారి, గొట్టంలా కిందికి దిగిన ఆ దారి గీయబోయి రెండు సాయంత్రాలు ఓడిపోయాక, ఆ కవి ఒక గూటి కింద తల ఎత్తి ఎంతసేపు నిలబడి ఉంటాడో అనిపిస్తోంది. కృష్ణకి అవతల తుమ్మపూడిలో సంజీవదేవ్ గారుండేవారు. హిమాలయాల్లో చిత్రకారుడు రోరిక్ ఇంటిదాకా వెళ్లొచ్చిన మనిషి, తిరిగి ఆ పల్లెలోనే కూర్చుని రాశారు, నీటిరంగుల్లో గీశారు. చూడడానికి ఊరు చాలదని నేను ఎన్నిసార్లు అనుకున్నాను!

మా అమ్మకు ఎనభై నాలుగు. చూపు మందగించింది, వేళ్లు మాత్రం ఇంకా కుదురే. సంక్రాంతి ముందు రోజు వసారాలో వరికంకుల కుచ్చు కడుతూ, "ఏం గీస్తున్నావే రోజూ, ఇలా తే" అంది. గుడ్డికొంగ పేజీ చూపించాను. నాకు ఉన్నంతలో బాగా కుదిరిన బొమ్మ అది. వెలుతురుకి పట్టి చూసి, "మెడ ఏదే?" అంది.

"దానికి మెడ కనపడదమ్మా. భుజాల్లోకి ముడుచుకుని నిలబడుతుంది. నేను చూసే గీశాను."

"చేప వచ్చినప్పుడో?"

నేను మాట్లాడలేదు. అమ్మ పిండి గిన్నె లాక్కుని, నేల మీద మూడు గీతలు లాగింది. ఒకటి వీపు, ఒకటి కాలు, మూడోది వీపులోంచి బయటికి విసిరినట్టు పొడుగ్గా పోయిన మెడ. ముగ్గులో కొంగే, చిన్నప్పటి నుంచి నేను చూస్తున్న కొంగే. చూడకుండా వేస్తారు దాన్ని అని ఇన్నాళ్లూ అనుకుంటున్న కొంగ. "మా అమ్మ మడి గట్టున కూర్చోబెట్టి చూపించింది. అంతసేపూ రాయిలా ఉంటుంది, ఒక్క లిప్తలో ఇంత మెడ సాగుతుంది, మళ్లీ రాయైపోతుంది. ఆ లిప్తే వెయ్యాలంది" అని కంకులు కట్టుకోవడంలో పడిపోయింది. ఆ పిండి కొంగ ముందు ఎంతసేపు కూర్చున్నానో. ముగ్గు గీతల్లో నేను చూపు లేదనుకున్నచోట ఎవరి చూపో ఉంది. మా అమ్మమ్మది, ఆవిడకు చూపించిన ఇంకెవరిదో. ఇవాళ పిండితో వేస్తే రేపు ఊడ్చేస్తారు కాబట్టి అడుగున పేరు రాసుకోలేదు వాళ్లు. మరి పిల్ల వేళ్లలో ఉన్న శుకతుండం? పెడనలో అద్దకం అచ్చు మీద చెక్కిన చిలక? ఒకే చిలక వేల గజాల గుడ్డ మీద వరసగా పడుతుంటే ఇందులో చూడడానికేముంది అనుకునేదాన్ని. ఆ అచ్చు మొదట చెక్కినవాడు ఏ జామచెట్టు కింద నిలబడి చూశాడో ఇప్పుడు ఎవరిని అడగను?

మర్నాటి నుంచి మెడ కోసం కూర్చున్నాను. పదకొండు రోజుల్లో మూడుసార్లు చూశాను, ఒక్కసారీ గీయలేకపోయాను. కన్ను పట్టుకునేలోపే అయిపోతుంది. అమ్మ మూడో గీతను ఒక పేజీలో చూసి వేసుకున్నాను, పక్కన 'అమ్మ కొంగ' అని రాసుకున్నాను.

మాఘమాసానికి కాలువలో నీళ్లు తీశాయి. రేవులో రెండు మెట్లు కొత్తగా బయటపడ్డాయి, వాటి మీద నత్తగుల్లలు, పాచి. ఆదివారం పొద్దున పిల్లను వెంటబెట్టుకుని వెళ్లాను. గుడ్డికొంగ కింది మెట్టు మీద నిలబడి ఉంది. నీళ్లూ లేవు, గడ్డీ లేదు, బురదా లేదు. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎండ ఏటవాలుగా పడి ఆ కాళ్లు మడమల దాకా కనపడుతున్నాయి. నలుపు కాదు. ఆకుపచ్చ అందామంటే పసుపు తగులుతోంది, పసుపు అందామంటే అదీ కాదు. నా దగ్గర ఉన్నది పెన్సిలే, రంగులు తేలేదు. "పెసలు నానబోసినప్పుడు పొట్టు ఊడుతుందే, ఆ రంగమ్మమ్మా" అంది పిల్ల, గొంతు తగ్గించి. కాళ్లు గీసి, బాణంగుర్తు పెట్టి, ఆ మాటే రాశాను: నానిన పెసర పొట్టు.